పన్నెండు గళ్ళు

సాయంత్రం. ఆస్పత్రి ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చుని కఫం స్లైడులు చూసే ఉద్యోగి ఇంటికి వచ్చీరాగానే నేరుగా దేవుడి గూటి దగ్గరికి వెళ్ళాడు. వంటింట్లోంచి భార్య చూసింది.

“అయ్యో అయ్యో, అదేంటండీ! దేవుడి దగ్గర పెట్టిన కాగితం అలా లాగేస్తారా?”

“ఇది ఇక్కడ ఉండాల్సింది కాదు.”

“ప్రమోషన్ కాగితం దేవుడి దగ్గర కాక చెప్పుల దగ్గర పెడతారా? పదకొండేళ్ళు ఎదురుచూశాం. నిన్న తెచ్చినప్పటి నుంచీ మీ మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. సీనియర్ సీటు ఇచ్చారా, శిక్ష వేశారా?”

“కాసిని మంచినీళ్ళివ్వు.”

“ఇస్తాను. ముందు చెప్పండి.”

“నీళ్ళకి కూడా షరతులా?”

“ఇదిగో, తాగండి. తాగారుగా. ఇప్పుడు చెప్పండి.”

“ఆ కార్డు సంగతి నీకు చెప్పాను కదా.”

“పన్నెండు గళ్ళ కార్డేగా? పది స్లైడులు చూశాక రెండు నిమిషాలు కళ్ళు మూసుకోవాలి, మూసుకున్నాక గడిలో టిక్కు పెట్టాలి. పొద్దున ఉన్న సత్తువ మధ్యాహ్నానికి మెదడుకి ఉండదని మీ పెద్ద డాక్టరుగారు క్లాసు చెప్పారన్నారు. ఈ అలవాటు పట్టుబడినవాళ్ళే పైకొస్తారన్నారు. మీకు పట్టుబడింది, సీటొచ్చింది. కళ్ళు మూసుకోవడంలో మిమ్మల్ని మించినవాళ్ళు లేరని నేను అప్పుడే అన్నాను.”

“నేను ఒక్కసారి కూడా మూసుకోలేదు.”

“ఏంటీ?”

“పొద్దున వెళ్ళగానే టీ తాగుతూ పన్నెండు గళ్ళకీ టిక్కులు కొట్టేసేవాణ్ణి. సాయంత్రందాకా ఇంక ఆ కార్డు గొడవే ఉండదని.”

“రోజూనా?”

“రోజూ. నూటఇరవై స్లైడులే రోజుకి! అయిదింటికల్లా రిజిస్టరు పైకి వెళ్ళాలి. పది నిమిషాలు ఆలస్యమైతే ఫోన్లు. కళ్ళు మూసుకుని కూర్చుంటే పని ఎవడు చేస్తాడు?”

“అందరూ అంతేనా?”

“దాదాపు. పక్క సీటు అమ్మాయి తప్ప.”

“పోయిన ఏడాది చేరిన పిల్లేగా? మిమ్మల్ని అన్నయ్యా అంటుంది, ఆ అమ్మాయేనా?”

“ఆ. మొదట్లో నిజంగానే కళ్ళు మూసుకుని కూర్చునేది. రోజూ నాలుగైదు స్లైడులు మిగిలేవి, చీవాట్లు తినేది. తర్వాత పని ఎక్కువైన పూట మానేసేది. కూర్చోకపోతే ఆ గళ్ళు ఖాళీగా వదిలేసేది.”

“పిచ్చిపిల్ల. టిక్కు పెట్టేయొచ్చుగా?”

“నేనూ అదే అన్నాను. ‘కూర్చోలేదు కదా అన్నయ్యా’ అంది.”

“సరే, ఆవిడ గళ్ళు ఆవిడవి. మీకు సీటు రావడానికీ దానికీ ఏంటి సంబంధం?”

“ఆరు వారాల కిందట ఒక స్లైడు తప్పు చూశాం.”

“చూశామా, చూశారా?”

“స్లైడులో టీబీ ఉంది. లేదని రాశాం. ఆ రోగి బస్సు డ్రైవరు. ఇంట్లో చంటిబిడ్డ. పోయిన వారం నెత్తురు కక్కుకుంటూ వచ్చాడు. బిడ్డకి కూడా...”

“దేవుడా.”

“పాత స్లైడు తీయించి మళ్ళీ చూశారు. తెలిసి చూస్తే చంటిపిల్లాడైనా చెప్తాడు, అంత స్పష్టంగా ఉంది.”

“ఎవరు చూసింది?”

“ఆ పూట స్లైడుల ట్రే ఇద్దరం పంచుకున్నాం. నేనూ ఆ అమ్మాయీ. రిజిస్టరు కింద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి.”

“నేనడిగింది అది కాదు.”

“పెద్ద డాక్టరుగారు ఆ స్లైడు చూసిన రోజు కార్డులు తీయించారు. నా కార్డు నిండుగా ఉంది. ఆ అమ్మాయిది మధ్యాహ్నం నుంచీ ఖాళీ. ‘విశ్రాంతి తీసుకోని కళ్ళే తప్పు చూసుంటాయి’ అన్నారు. ఆ అమ్మాయిని మర్నాటి నుంచి రానక్కర్లేదన్నారు, నా నిండు కార్డు చూసి సీనియర్ సీటు నాకిచ్చారు.”

“ఆ పిల్లేమంది?”

“‘నేనే అయుంటాను’ అంది. నిజంగానే అలా అనుకుంది.”

“ఏవండీ, నా వైపు చూడండి. ఎవరు చూశారు ఆ స్లైడు?”

“దాని మూల విరిగి ఉంది. ఆ రోజు చూస్తుంటే నా వేలికి గుచ్చుకుంది. ఇదిగో, మచ్చ ఇంకా పోలేదు.”

“ఏదీ, చూపించండి.”

“ఏదో ఒకటి అను.”

“ఏమనను? నేనూ రోజూ జపం చేస్తాను. పెదాలు ఆడుతుంటాయి, మనసు పాలు పొంగాయా లేదా అని పొయ్యి దగ్గర ఉంటుంది. అయినా లెక్క పూర్తయిందని లేచిపోతాను. నాది కూడా టిక్కే. కాకపోతే నా టిక్కు వల్ల ఎవరి బిడ్డకీ జబ్బు చెయ్యలేదు. ఆ దేవుడు చూసీచూడనట్టు ఊరుకుంటున్నాడో ఏమో.”

“నా విషయంలోనూ అలాగే ఊరుకోమను.”

“ఊరుకోమనడానికి నాకేం హక్కుంది? ఆ పిల్లకి ఇంకెక్కడైనా ఉద్యోగమిస్తారా?”

“ఇవ్వరు. కాగితంలో రాసేశారు, నిర్లక్ష్యమని.”

“మరి చెప్పేయండి. రేపు పొద్దున్నే వెళ్ళి, ఆ కాగితం పెద్ద డాక్టరుగారి బల్ల మీద పెట్టి, తప్పు నాదని చెప్పండి.”

“చెప్పాక?”

“చెప్పాక ఏముంది, ఉద్యోగం పోతుంది. పోనివ్వండి. నాకు కుట్టుపని వచ్చు. ఇల్లు చిన్నది చూసుకుందాం. మన పెద్దమ్మాయి చదువు ఒక ఏడాది ఆగుతుంది, అది అర్థం చేసుకుంటుంది. ఏం, భయమా?”

“భయం కాదు.”

“మరి సిగ్గా? నలుగురూ ఏమంటారనా?”

“అదీ కాదే.”

“అదీ కాదు, ఇదీ కాదు! ఇలా నాన్చే ఇక్కడిదాకా తెచ్చారు. పోనీ నేను కూడా వస్తాను. ఇద్దరం కలిసి చెబుదాం. మీ నోరు పెగలకపోతే నేను చెబుతాను. ఆయన మాత్రం మనిషి కాదా, నిజం చెబితే వినడా?”

“విన్నాడు.”

“ఏంటీ?”

“ఇవాళ పొద్దున్నే వెళ్ళి చెప్పాను. టిక్కులు, విరిగిన మూల, అంతా. మచ్చ కూడా చూపించాను.”

“మరి? ఆ పిల్లని పిలిపిస్తారా?”

“ఆ సీటులో అప్పుడే ఇంకెవరో కూర్చున్నారు. కార్డుల పద్ధతి బ్రహ్మాండంగా నడుస్తోందని పైకి రిపోర్టు వెళ్ళిపోయిందట. అంతా విని, తలుపు వేసొచ్చి, నా భుజం మీద చెయ్యి వేశారు. ‘పాపం, బాగా అలిసిపోయావు, చెయ్యని తప్పు కూడా నీదే అనిపిస్తోంది’ అన్నారు. ‘ఇంత మనస్సాక్షి ఉన్నవాడివి, సోమవారం నుంచి కొత్తవాళ్ళకి ఆ కార్డు నింపడం నువ్వే నేర్పు’ అన్నారు.”