అంకె చెప్పేదాకా

వారానికోసారి కొండల మధ్య ఏటి వెంట నడిచి, నాలుగు కొలత స్తంభాల మీద నీళ్ళు ఏ అంకెదాకా ఉన్నాయో రాసుకు రావడం అన్నయ్య ఉద్యోగం. ఆయన పోయి నెలైంది. కొత్తమనిషి వచ్చేదాకా ఇంట్లోవాళ్ళే చూడండని ఆఫీసువాళ్ళు పుస్తకం ఇచ్చి పోతే, వదినా మరిదీ ఆయన కుక్క దొరని వెంటబెట్టుకుని బయల్దేరారు. మొదటి స్తంభం దగ్గరే కుక్క చతికిలబడింది.

"లాగకు. మెడ నొప్పి పుడుతుంది దానికి."

"నాకు నడుం నొప్పి పుట్టింది వదినా, దాని మెడ సంగతి తర్వాత. నాలుగడుగులు వేశామో లేదో కూర్చుంటే ఎట్లా?"

"నెల రోజులు కట్టేసి ఉంచాను. కాళ్ళు పట్టేసి ఉంటాయి."

"కాళ్ళు పట్టేసిన కుక్కేనా నన్ను ఇక్కడిదాకా ఈడ్చుకొచ్చింది? దొరా, లే. లేవరా బాబూ, నీకు పుణ్యం ఉంటుంది."

"నువ్వు ముందు ఆ స్తంభం చూడు. వచ్చిన పని అదేగా."

"చూశాను. తొమ్మిది."

"కాస్త గట్టిగా చెప్పు. ఈ నీళ్ళ హోరులో వినపడి చావదు."

"తొమ్మిది."

"ఆఁ, రాశాను. ఇదేంటి, లేచింది."

"లేవడమేంటి, ఒళ్ళు దులుపుకుని ముందు పోతోంది కూడా."

"అంకె వినేదాకా కూర్చుందంటావా?"

"కుక్కకి అంకెలేంటి వదినా."

"మీ అన్నయ్య అంకె పైకి చదివి రాసుకునేవారట. ఒకసారి మొదటి స్తంభందాకా వెంట వచ్చిన ఆఫీసు గుమాస్తా చెప్పి నవ్వాడు. చుట్టుపక్కల పురుగు కూడా ఉండదు కదమ్మా, ఎవరికి చదివి వినిపించేవారో అని. ఇదిగో, దీనికి."

"ఇంట్లో నోరు విప్పేవాడు కాదు. మాటలన్నీ దీనికి దాచి పెట్టాడన్నమాట."

"నాకేం మిగిల్చారు చెప్పు. ఆఁ, ఊఁ. అంతేగా."

"మెల్లిగా నడవండి. రాళ్ళు తడిగా ఉన్నాయి."

"మెల్లిగా కాక పరిగెత్తుతున్నానా? ఇదంతా వారం వారం ఎట్లా నడిచారో ఆ మోకాళ్ళతో. రెండోది అదేగా?"

"అదే. దొరగారు అప్పుడే పోయి కూర్చున్నారు. పదకొండు. పదకొండు, విన్నావా? లేచింది వదినా."

"నేను చెప్పలేదూ? అబ్బా, ఇక్కడ కాసేపు కూలబడదాం. నా వల్ల కాదు."

"కింద తడి. ఏమన్నా పరుచుకోండి."

"పరుచుకోవడానికి ఏముంది? గళ్ళ దుప్పటి ఉండాల్సింది. మందంగా ఉండేది, ఎన్నేళ్ళయినా చిరగలేదు. పోయిన చలికాలం మాయమైంది."

"మాయమవడమేంటి?"

"పనావిడ మీద అనుమానపడ్డాను. అనుమానపడి ఊరుకున్నానా, మొహం మీదే అడిగేశాను. ఆవిడ చేతిలో గిన్నె అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ గడప తొక్కలేదు."

"అన్నయ్య ఏమన్నాడు?"

"ఆయన అప్పుడు ఊళ్ళో లేరు. వచ్చాక నేనూ చెప్పలేదు, సిగ్గేసింది. పని మానేసిందన్నాను. ఆఁ అన్నారు. నోరు జారితే తిరిగి తెచ్చుకోలేం మరిదీ. ఏం, అట్లా చూస్తావు?"

"ఏం లేదు. పదండి, ఎండ ముదిరిపోతుంది."

"ఎండెక్కడుంది, మబ్బు పట్టి చస్తుంటే?"

"వాన వస్తుంది, పదండి."

"ఎండో వానో ఏదో ఒకటి తేల్చుకో."

"ఇదిగో మూడోది వచ్చేసింది. పద్నాలుగు. లే దొరా. రాశారా?"

"రాశాను."

"ఇక వెనక్కి పోదాం వదినా."

"నాలుగోది చూడద్దూ?"

"మీరక్కడికి రాకండి. ఆ రోజు నేనే కదా వెళ్ళి మోసుకొచ్చింది. ఆ చోటు మీరు చూడలేరు."

"ఆయన పోయిన చోటు నేను చూడకపోతే ఎవరు చూస్తారు? పుస్తకంలో ఆ గడి ఖాళీగా ఉంచమంటావా?"

"ఖాళీ ఎందుకు? పద్నాలుగు మీద రెండు కలిపి పదహారు రాసెయ్యండి. అన్నయ్య చేసిందీ అదేగా."

"ఏమన్నావు?"

"ఏం లేదు."

"ఏం లేకపోవడమేంటి. మళ్ళీ అను."

"నేనన్నది కాదు వదినా. ఆఫీసులో అందరూ అనుకునేదే."

"నాకు తెలీదనుకున్నావా? పరామర్శకి వచ్చి కుర్చీలో కూర్చుని ఆ గుమాస్తా నాతోనే అన్నాడు. నాలుగో స్తంభానికి ఎప్పుడు చూసినా మూడో దాని మీద రెండేనట. ఏళ్ళ తరబడి రెండే. ఏ ఏరయినా అట్లా లెక్క కట్టుకుని పారుతుందా అమ్మా, ఆయన దిగి చూసి ఉండరు, మేం ఆ అంకె పట్టించుకోవడమే మానేశాం అన్నాడు."

"మీరేమన్నారు?"

"టీ ఇచ్చాను. తాగి పోయాడు."

"గట్టిగా నాలుగు చివాట్లు పెట్టకపోయారా?"

"ఏ మొహం పెట్టుకుని పెట్టను? ఒకసారి ఆయన్నే అడిగాను, నిజంగా అంత లోతు దిగి చూసొస్తారా అని. ఆఁ అన్నారు. ఆ ఆఁకి అవుననో కాదనో పాతికేళ్ళ కాపురంలో నాకు తెలిసి చావలేదు. మోకాళ్ళు చూస్తే కుర్చీలోంచి లేవడానికే గోడ పట్టుకోవాలి. దిగరేమోలే అని నేనూ అనుకున్నాను. కట్టుకున్నదాన్ని, నేనే నమ్మలేదు."

"వదినా, పోదాం పదండి."

"ఒక్కటే నన్ను తినేస్తోంది. ఏళ్ళ తరబడి దిగని మనిషి, కుండపోత వానలో ఆ ఒక్క రోజు ఎందుకు దిగారు? ఎవరడిగారు? ఎవరికి కావాలి ఆ అంకె? మాట్లాడవేం?"

"సీసాలో నీళ్ళున్నాయా?"

"నువ్వే తాగేశావు. మాట్లాడు."

"ముందు రోజు సాయంత్రం నేను ఫోన్ చేశాను."

"ఎవరికి?"

"అన్నయ్యకి. అంతకు ముందు వారం వరదకి మా దొడ్డి కొట్టుకుపోయింది కదా. రెండు ఆవులు. కట్టుకొయ్యకి కట్టినవి కట్టినట్టే పోయాయి వదినా. ఏరు పొంగుతోందని ఒక్కడూ కబురు పెట్టలేదు. ఆఫీసుకి పోయి అడిగితే, మీ అన్నగారు రాసే అంకెలు నమ్మి కబురెలా పెడతాం అని ఆ గుమాస్తానే నవ్వాడు. ఒళ్ళు మండిపోయింది. ఇంటికి కూడా పోలేదు, అక్కడే నిలబడి ఫోన్ చేశాను."

"చేసి?"

"నువ్వు ఇంట్లో కూర్చుని రాసే దొంగ అంకెలకి నా గొడ్లు పోయాయి అన్నాను. జీతం తీసుకుంటున్నావు, చచ్చేలోపు ఒక్కసారైనా ఆ నాలుగో దాని దగ్గరకి దిగి చూడు అన్నాను."

"అట్లాగే అన్నావా? ఆ మాటే?"

"ఆ మాటే."

"ఆయనేమన్నారు?"

"ఆఁ అన్నాడు."

"తెల్లారి వెళ్ళారు."

"తెల్లారి వెళ్ళాడు. నేనే పంపాను వదినా. దొర ఒక్కటే తడిసి ఇంటికొచ్చిందని మీరు ఫోన్ చేసినప్పుడే నాకు తెలిసిపోయింది, ఎక్కడ వెతకాలో. అందుకే తిన్నగా అక్కడికే పోయాను."

"నెల రోజులు నా వంటింట్లో కూర్చుని అన్నం తిన్నావు. ఈ మాట కడుపులో పెట్టుకుని."

"రోజూ చెబుదామనే వచ్చేవాణ్ణి. మీరు కంచం పెట్టేవాళ్ళు. తినేసి పోయేవాణ్ణి."

"నా మొహం చూడకు కాసేపు. అటు తిరుగు."

"తిట్టండి వదినా."

"తిట్టడానికి ఓపిక ఏడిసిందా నాకు? అటు తిరగమన్నాను... దొర ఏది?"

"ఇక్కడే ఉండాలి. దొరా."

"అదిగో, పొదల వెనకాల. కిందికి దిగుతోంది. పట్టుకో, పడి చస్తుంది."

"అటు దారి లేదు వదినా. మెట్లు కూలిపోయి ఏళ్ళయింది. నేను ఆ రోజు వాన తగ్గాక, చీకట్లో, అవతలి గట్టు మీంచి పడవలో వచ్చాను. ఈ గట్టు వంక చూడనే లేదు."

"దారి లేకపోతే అదేంటి? గడ్డి కూడా మొలవలేదు, తొక్కి తొక్కి నున్నగా అయింది."

"గొడ్లు తిరుగుతాయేమో."

"గొడ్లు తాడు కట్టుకుని దిగుతాయా? ఆ చెట్టు మొదలు చూడు."

"ఎవరో కట్టారు. ముడి అన్నయ్య ముడిలాగే ఉంది. తాడు కాదిది వదినా, గుడ్డ. పేలికలు చింపి జడ అల్లినట్టు అల్లారు. వానకీ ఎండకీ రంగు వెలిసిపోయింది గానీ గళ్ళు..."

"ఏం గళ్ళు? ఏదీ, ఇటు చూపించు."

"వదినా, ముందు మీరు కూర్చోండి."

"నా దుప్పటి. మరిదీ, ఇది నా దుప్పటి. నేను ఆవిడని దొంగ అన్నాను."

"కూర్చోండి. నేను దిగి దొరని తీసుకొస్తాను."

"తాడు పట్టుకో. కాలు చూసి వెయ్యి."

"ప్రతి అడుగుకీ రాయి పెట్టాడు వదినా. మోకాలు వంచక్కర్లేకుండా చిన్న చిన్న మెట్లు. ఒక్కరోజులో చేసిన పని కాదిది."

"ఇంకెంత దూరం?"

"వచ్చేశాను. ఇక్కడ ఏరు ఇరుకు, రెండు పక్కలా బండలు. తాడు కొస తెగిపోయి ఉంది. ఆ రోజు ఇక్కడే..."

"చెప్పకు. అది చెప్పకు. దొర ఏం చేస్తోంది?"

"స్తంభం ముందు కూర్చుంది."

"ఊరికే కూర్చుందా?"

"నా నోటి వంక చూస్తోంది."

"చదువు మరి. చెప్పేదాకా లేవదు."

"కళ్ళు ఆనడం లేదు వదినా."

"తుడుచుకుని చదువు. గట్టిగా. పైదాకా వినపడాలి నాకు."

"పదహారు."