పక్క కుర్చీ అపస్వరం

కౌనస్ నగరంలోని సంగీతశాల క్యాంటీన్. మొదటి రిహార్సల్ విరామంలో, చెల్లో అనే పెద్ద వయొలిన్ వాయించే ఆవిడ తన చల్లటి బీట్‌రూట్ చారు గిన్నె తెచ్చి, ఆర్కెస్ట్రాని నడిపించే కొత్త కండక్టరమ్మ ఎదుట ఠపీమని పెట్టింది. మూడేళ్ళ కిందటిదాకా ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో చెల్లో వాయించినవాళ్ళే.

“ఏమే, చేతికి కర్ర రాగానే కళ్ళు నెత్తికెక్కాయా? పొద్దుట్నుంచీ నాలుగుసార్లు ఆర్కెస్ట్రా ఆపావు. నాలుగుసార్లూ నా మొహమే చూశావు.”

“ఆ పైస్వరం దగ్గర నీ శ్రుతి కిందికి జారుతోందే.”

“ఇవాళే జారిందా?”

“లేదు. ఎప్పుడూ జారుతుంది.”

“పదకొండేళ్ళు నా పక్కన కూర్చున్నావు. ఒక్కనాడైనా చెప్పావా? చెవుల్లో దూది పెట్టుకున్నావా?”

“నవ్వనంటే చెబుతా.”

“చెప్పి ఏడువ్!”

“ఆ తప్పు నాదే అనుకున్నానే. ఇంటికెళ్ళి వేళ్ళు బొబ్బలెక్కేదాకా ఆ ఒక్క స్వరమే సాధన చేసేదాన్ని. మర్నాడు ఇక్కడ వాయిస్తే మళ్ళీ అదే అపస్వరం. ఇక ఈ జన్మకి చెల్లో రాదని ఏడ్చి, విల్నియస్ వెళ్ళి కండక్టింగ్ నేర్చుకున్నాను.”

“మరి నాదని ఎప్పుడు తెలిసింది?”

“ఇవాళ పొద్దున. నా చేతిలో చెల్లో లేదు కదా, అయినా అపస్వరం వినిపించింది.”

చెల్లో ఆవిడ చారు గిన్నె పక్కకి జరిపి ముందుకు వంగింది.

“అయితే నిన్ను కండక్టర్‌ని చేసింది నేనన్నమాట! కచేరీనాడు పంచే కాగితం మీద, నీ గురువులు అని వేస్తారే, అక్కడ నా పేరు కూడా వేయించు.”

“అలాగే వేయిస్తాను. ముందు ఆ శ్రుతి సరిచేసుకోండి, గురువుగారూ.”