డిపాజిట్ పోయిన ప్రతిసారీ

పట్నం శివారులో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, కుట్టుమిషన్ మీద నామినేషన్ కాగితాలు పరుచుకుని కూర్చున్న దర్జీ పిన్నిని చూడగానే ఆమె అక్క కొడుక్కి ఒళ్ళు మండింది.

“మళ్ళీనా పిన్నీ? నాలుగుసార్లు నిలబడ్డావు, నాలుగుసార్లూ డిపాజిట్ పోయింది. ఇరవై ఏళ్ళుగా ఈ అసెంబ్లీ సీటు ఆ ఒక్క పార్టీ వాళ్ళదే. పేటలో తలెత్తుకోలేకపోతున్నా.”

“ఎత్తుకోరా, ఎవరొద్దన్నారు? మొదటిసారి సముద్రానికి అడ్డుగోడ కావాలని నిలబడ్డాను. ఎన్ని ఓట్లొచ్చాయి?”

“మూడొందలు.”

“వాళ్ళు గెలిచిందే రెండొందల తేడాతో. ఆ మూడొందలకే వాళ్ళ గుండెల్లో రాయి పడింది. ఏడాది తిరక్కుండా గోడ కట్టారు. రెండోసారి?”

“బస్సు వచ్చింది. తర్వాత మంచినీళ్ళు, ఆ తర్వాత హైస్కూలు. కానీ శిలాఫలకాల మీద పేర్లు వాళ్ళవే కదా!”

“ఉండనీ. అలలు మన ఇళ్ళలోకి రావట్లేదుగా.”

“ఈసారి నువ్వు తప్పుకుంటే ఆసుపత్రి కట్టిస్తామని కబురు పెట్టారు. అది చెప్పడానికే వచ్చా.”

పిన్ని కళ్ళజోడు పైకి తోసుకుంది.

“ఈసారి ఏం కావాలో నేనింకా అడగనేలేదే!”

“నువ్వు కాగితాలు తెచ్చుకున్నావని తెలిసిందట.”

“చూశావా? కాగితాలు తెచ్చుకున్నందుకే ఆసుపత్రి దాకా దిగొచ్చారు. నామినేషన్ వేస్తే ఎందాకా దిగొస్తారో చూద్దాం. ఆ పెన్నిలా ఇవ్వు.”