మరవాడిని పేరుపెట్టి పిలవొద్దన్నారు

ముందు తిను. అలిగి కూర్చున్నావా ఏమిటి? అలగాల్సింది నేను. నిన్న ఆ హాలు వైపు రావద్దని ఎంత మొత్తుకున్నాను? వచ్చావు కదూ. నాకు తెలుసులే. చప్పట్లు మోగే చోటు ఉందంటే పెళ్ళాం మాట ఎప్పుడు విన్నావు గనక.

ఎర్రబియ్యం అన్నం, మిరపకాయల జున్ను కూర. కారం కాస్త తగ్గించాను. ఎందుకు తగ్గించానో, పోయినవాడికి కడుపుమంట ఏమిటో.

నలభై తొమ్మిదో రోజు దాకా నీ కంచం నీకు పెట్టమన్నారు లామా గారు. పెట్టినప్పుడల్లా, ‘నువ్వు చనిపోయావు, ఇక్కడ నీకేం పనిలేదు, ముందుకు వెళ్ళు’ అని చెప్పమన్నారు. చెబుతూనే ఉన్నాను కదా. పేరు మాత్రం నోటితో అనొద్దన్నారు. ‘పేరు పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తాడమ్మా. చూశాడంటే ఆగిపోతాడు. ఆగిపోయినవాడికి మళ్ళీ పుట్టుక దొరకదు, గుమ్మాల చుట్టూ తిరుగుతూ ఉండిపోతాడు’ అన్నారు.

ఆ మాట వినీ నోరు జారుతుందా ఎవరికన్నా? వెన్న దీపం వెలిగిస్తుంటే నీ పేరు పెదవి దాకా వస్తుంది. మంత్రంతో పాటు దాన్నీ మింగేస్తున్నాను.

ఈలోగా తాండిన్ వచ్చాడు. నీ నిర్మాతే, ఇంకెవరు. పరామర్శకి వెన్న తెచ్చాడు, బిస్కెట్లు తెచ్చాడు, దేవుడి గదిలో సాష్టాంగపడ్డాడు. లేచి ముక్కు తుడుచుకుని, ‘ఆమ్ ల్హాదెన్’ అని ఎప్పట్లాగే నన్ను మర్యాదగా పిలిచి, ‘అన్నకి అవార్డు వచ్చింది’ అన్నాడు.

దేశం మొత్తానికీ కలిపి ఇచ్చేది. దేనికి? ఆ నీటిమర నడిపే తాగుబోతు వేషానికి. ‘వేషం ఎక్కడ వేశాడు, ఊరికే నిలబడ్డాడంతే’ అన్నాను. తాండిన్ నవ్వి, మళ్ళీ ఏడ్చాడు.

గుర్తుందా, పెళ్ళిళ్ళు తీసే కెమెరాతో మన మొదటి సినిమా తీశారు. జనరేటరు గుర్రం మీద, మనం గుర్రం వెనక. ఊరి బడిలో కిటికీలకి దుప్పట్లు కట్టి ఆట వేసేవాళ్ళం. తెర మీద నువ్వు, గుమ్మంలో మైకు పట్టుకుని నేను. నువ్వు తెర మీద పడ్డ తిప్పలకన్నా నేను మైకులో చెప్పిన కబుర్లకే ఎక్కువ నవ్వేవాళ్ళు, ఒప్పుకోవుగానీ. ఇప్పుడు థింఫూలో ఎర్ర తివాచీ వేశారయ్యా. టీవీలో దేశమంతా చూస్తుందట. మన సినిమా పెద్దదైంది. సరిగ్గా అప్పుడే నువ్వు...

సరే. ‘వాయిదా వేయించు’ అన్నాను తాండిన్‌తో.

‘దేశం పండగ, ఆమ్. మన ఇంటికోసం ఆపుతారా?’

‘అయితే పేరు పిలవకండి.’

‘పిలవకుండా ఎలా ఇస్తారు? దొంగసొత్తా?’

‘కాగితం మీద రాసుకోండి. నోటితో అనకండి.’

తల గోక్కున్నాడు. ‘అన్న బతికుంటే తన పేరు తనే మైకులో చెప్పుకునేవాడు’ అన్నాడు. నిజమే కదా. నా భయమంతా అదే కదా.

చిత్రం ఏమిటంటే, ఆ అవార్డుల పండగ జరిపే కుర్రకారు ఒప్పేసుకున్నారు. ఇంటింటా ఉన్న ఆచారమే కదా అన్నారట. పేరు ఉండదు, చప్పట్లు ఉండవు, అందరూ లేచి ఊరికే నిలబడతారు. లామా గారికి చెబితే సంతోషించారు. నేనూ జపమాల తిప్పుకుంటూ, హమ్మయ్య, నీ దారికి అడ్డం లేదనుకున్నాను.

నిన్న భుజాన ఎర్ర కండువా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాను. ‘మరవాడి వేషం వేసినవారికి’ అంది స్టేజీ మీద పిల్ల. అంతే, హాలంతా లేచింది. ఎంత మర్యాదగా నిలబడ్డారో. ఒక్క దగ్గు లేదు. నీకెప్పుడన్నా అలాంటి హాలు ఎదురైందా? కరెంటు పోయి తెర నల్లబడ్డప్పుడు కూడా మన జనం ఈలలు వేసేవాళ్ళు.

నేను మెట్లెక్కాను. వెనక తెర మీద నీ బొమ్మ వేశారు, ఆ సినిమాలో ముక్క.

పేరు ఆపించాను, చప్పట్లు ఆపించాను, బొమ్మ సంగతి నాకు తట్టలేదు. ఎవరికీ తట్టలేదు.

మర తలుపు తెరుచుకుంది. నెత్తి నుంచి పాదాల దాకా పిండి. కనుబొమ్మలు కూడా తెల్లగా. చీకట్లోంచి వెలుతురులోకి వచ్చి, కళ్ళు చికిలించి, ‘ఎవరది? నన్నెవరో పిలిచినట్టుందే’ అన్నావు.

అక్కడ జనం పడీపడీ నవ్వాలి కదా. ఒక్కరూ నవ్వలేదు. నువ్వు అటు చూశావు, ఇటు చూశావు. ‘ఎవరూ లేరా?’ అన్నావు.

అంతమంది ఉన్నారు. అందరూ నోళ్ళు మూసుకుని నిలబడ్డారు, నా మాట మీద.

ఏం చెయ్యమంటావు చెప్పు? పిండి మొహంతో మనిషి గుమ్మంలో నిలబడి అడుగుతుంటే పలక్కుండా ఎలా ఉండను?

మైకు నా ముందే ఉంది. పిలిచాను. పూర్తి పేరు పెట్టి, పొలంలో ఉన్నవాణ్ణి ఇంటికి రమ్మన్నట్టు పిలిచాను. ఏమని పిలిచానో ఇప్పుడు మళ్ళీ అనను.

హాలు విరుచుకుపడింది. నవ్వారు, ఏడ్చారు, నీ పేరే అరిచారు, చప్పట్లు ఆగలేదు. టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ అరిచే ఉంటారు. నేనా? త్రిరత్నాల మీద ఒట్టు, నువ్వు పోయాక మొదటిసారి నా ప్రాణానికి హాయిగా ఉంది. నిన్ను దారిలో ఆపేశానని తెలిసి కూడా హాయిగా ఉంది.

తెల్లారగానే తాండిన్ పరిగెత్తుకెళ్ళి లామా గారి కాళ్ళమీద పడ్డాడట. తప్పు తన నెత్తినేసుకున్నాడు, వెర్రిబాగులవాడు. లామా గారు నన్నేం అనలేదు. ‘దారిలో అతనికి చాలా గొంతులు వినిపిస్తాయి, అన్నీ తెలిసిన గొంతులే. అవి మనసు చేసే మాయ, తిరిగి చూడకు అని చదివి వినిపిస్తాను’ అని కబురు పెట్టారు. కాసేపట్లో వస్తారు. పుస్తకం విప్పుతారు. ఈ ఒక్కసారి బుద్ధిగా విను.

నిన్న మైకులో వినిపించిందే, ఆ గొంతు నాది కాదు. ఉత్త మాయ. నేనైతే అలా నలుగురిలో పేరు పెట్టి పిలుస్తానా?

ఇన్నేళ్ళలో నీతో ఎప్పుడన్నా అబద్ధం ఆడానా? మరి నమ్ము.