ఎడమ పక్క

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా కట్టుడు పళ్లు చేసే ఫకీర్ సాహెబ్ అంగట్లోకి, మదరాసులో ఇంజనీరింగు చదివే పక్కింటి మాస్టారి కూతురు కాగితాల చుట్టతో వచ్చింది. సాహెబ్ భార్య మస్తాన్బీ చనిపోయి, నలభయ్యోరోజు ఫాతెహా ప్రార్థన అయి అప్పటికి వారం.

"ఏంది పాపా ఇది?"

"అత్త దవడ ఎముక, మామా. పోయిన సెలవుల్లో నా చదువుకోసమని ఎక్స్‌రే తీయించినాం గదా. ఆ కొలతలిస్తే, నమిలేటప్పుడు కట్టుడు పళ్లు ఎముకని ఎక్కడ ఒత్తతాయో మా కాలేజీ కంప్యూటర్ లెక్కగట్టింది."

"ఈ నల్లగా ఉండేది?"

"ఒత్తిడంతా ఆడనే. ఎడమ పక్క, చివరి పన్ను కింద."

"ఆ సెట్టు నేను చేసిందే. పదకొండేండ్లు పెట్టుకునింది. నొప్పని ఒక్కనాడూ అన్లా."

ఆ పిల్ల కాగితం చుట్టబోయింది. ఆయన దాని మీద చెయ్యి పెట్టినాడు.

"నీతో అనిందా?"

"అనింది మామా. మెతుకు తగిలినా ప్రాణం పోతాదనింది. నీకు చెప్పొద్దనింది."

"ఎందుకంట?"

"ఊరంతా ఆయన చేసిన పళ్లతోనే నవ్వతా ఉండాది, నాకొక్కదానికే కుదర్లేదంటే ఆయన చెయ్యి వణకతాది, అనింది."

ఆయన సొరుగులోంచి గుడ్డమూట తీసి విప్పినాడు. అందులో మస్తాన్బీ పళ్ల సెట్టు. పక్కనున్న ఆకురాయి అందుకున్నాడు.

"యాడ అరగదీయాలో చూపించు."

"ఇంక ఎవరికి మామా?"

"చూపించు పాపా. ఈడనా?"

"ఇంకొంచెం లోపలికి."

ఆకురాయి కదిలింది. గులాబీరంగు పొడి కాగితం మీద రాలింది. చెయ్యి వణకలేదు.