క్లొరెటా పాటలో ఖాళీ దెబ్బ

ఓథా పెటిస్ నోట్లో కోడికాలు ఉన్నంతసేపే ఆ గదిలో మిగతావాళ్లకి మాట్లాడే అవకాశం. ఎముక ఖాళీ అయిందంటే ఇక రాజ్యం ఆయనదే. ఆ శనివారం మధ్యాహ్నం, అమెరికాలోని మెంఫిస్‌లో మౌంట్ గిలియడ్ చర్చి వెనక భోజనాల గదిలో, రెండు ఎముకలు ఖాళీ అయ్యాయి. వాటినే డ్రమ్ము పుల్లల్లా పట్టుకుని బల్ల అంచు మీద టకటకలాడించాడాయన.

బల్లకి ఆ చివర కూర్చున్న వెర్లీన్ తినడం ఆపేసి అటు చూసింది. మామూలు రోజైతే ఆవిడా ముసిముసిగా నవ్వుకునేదే. కానీ తెల్లారితే ఆదివారం. ఆవిడ అక్క క్లొరెటా పోయి ఏడాది. ముప్పై ఏళ్ల కిందట క్లొరెటా పాడి ఊరూవాడా మోగించిన 'గుమ్మం దాటే దాకా' పాటని రేపు చర్చిలో పాడాలని అందరూ అనుకున్నారు. ఆ పాటలో ప్రతి చరణం చివరా ఒక్క దెబ్బ ఖాళీ వస్తుంది. డ్రమ్ము, గొంతు, గిటారు అన్నీ ఆగిపోతాయి. ఆ తర్వాతే మళ్లీ ఎత్తుకుంటాయి.

పాటలు నేర్పడానికి కొత్తగా వచ్చిన డెనీస్‌కి ఆ ఖాళీతో చచ్చేచావయింది. పొద్దున్నుంచీ సాధన చేస్తుంటే సగం గొంతులు ముందు పడుతున్నాయి, సగం వెనక పడుతున్నాయి.

"ఈ ఖాళీ ఎందుకుందో ఎవరైనా చెప్పండి. కారణం లేకపోతే తీసేస్తాను," అంది. అని ఓథా వైపు తిరిగింది. రికార్డులో డ్రమ్ము వాయించింది ఆయనే మరి. అంతవరకూ మాత్రం నిజం.

"నన్ను అడిగావు కాబట్టి చెప్తున్నా తల్లీ, ఇంకెవరికీ చెప్పకు," అన్నాడు ఓథా గదంతా వినేలా. "ఆ ఖాళీ నాదే. చరణం అయిపోవస్తోంది, నేను మాంచి ఊపు మీదున్నాను, ఇంతలో కందిరీగ ఒకటి వచ్చి నా ముక్కు మీద వాలింది. రెండు చేతులకీ పనుంది కదా, ఉఫ్ఫని ఊదాను. ఊదేలోపు ఒక దెబ్బ పోయింది. అంతే సంగతి."

"ప్రతి చరణానికీ పోయింది కదా?" అంది డెనీస్.

"ప్రతి చరణానికీ వచ్చింది మరి! దానికి పాట పట్టుబడిపోయింది. మొదట మామూలు కందిరీగే. రెండో చరణానికి పిచ్చుకంత అయింది. మూడో చరణానికి..."

"గద్దంతా?" అన్నాడు డీకన్ బర్ల్ వేయించిన చేపలో ముల్లు తీసుకుంటూ. చర్చి పెద్ద ఆయన. ఓథా కోతలకి పాత శ్రోత.

"నువ్వు నవ్వు బర్ల్, నీ సొమ్మేం పోయింది. ముక్కు నాది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ రికార్డు లండన్ వెళ్లింది. జుట్టు కళ్ల మీద పడే నలుగురు పిల్లకాయలు అదే పాట పాడాలనుకున్నారు. పాట రెండు రోజుల్లో వచ్చేసింది. నా ఖాళీ మాత్రం నాలుగు నెలలు సాధన చేశారు. ముగ్గురికి పట్టుబడింది, నాలుగోవాణ్ణి ఏడుస్తుండగానే ఇంటికి పంపించేశారు. జమైకావాళ్లు పాడినప్పుడు దాన్ని ఎంత సాగదీశారంటే, ఆ సందులో డ్రమ్మరు కొబ్బరిబోండం కొట్టుకుని, తాగి, మూతి తుడుచుకుని మళ్లీ మొదలెట్టేవాడు."

"కొయ్యి, కొయ్యి," అన్నాడు బర్ల్.

"ప్యారిస్‌లో అరవైమంది వాద్యగాళ్లతో వాయించారు. ఆ ఒక్క దెబ్బ కోసం ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టుకున్నారు. నల్లకోటు, టై, ముందు వరసలో కుర్చీ. ఆ దెబ్బ రాగానే లేచి నిలబడి ఏమీ వాయించకుండా కూర్చోవడం, అదే ఉద్యోగం! ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్వీడన్‌లో సముద్రం ఒడ్డున పెద్ద మైదానం. లక్షమంది జనం. ఖాళీ రాగానే లక్షమందీ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. దాంతో గాలి ఆగిపోయింది. సముద్రంలో తెరచాప పడవలు ఎక్కడివక్కడే నిలబడిపోయాయి. ఆ రేవు అధికారి నాకు ఉత్తరం రాశాడు, 'అయ్యా ఓథా పెటిస్ గారూ, మీ దెబ్బ మీరు వెనక్కి పెట్టెయ్యండి, మా చేపలు కుళ్లిపోతున్నాయి' అని!"

గది గదంతా పగలబడి నవ్వింది. డెనీస్ కూడా కళ్లు తుడుచుకుంది. తుడుచుకుని పెన్సిలు అందుకుంది. "అయితే ఇది కందిరీగ ఖాళీ. రేపు కందిరీగ కోసం ఆగనక్కర్లేదు," అంటూ కాగితం మీదికి వంగింది.

ఇన్నేళ్లూ వెర్లీన్ ఈ కోతల్ని ఎందుకు సాగనిచ్చిందో ఆవిడకే తెలుసు. ఊళ్లో అక్క మాట ఎత్తేవాళ్లు కరువైపోయారు. ఓథా ఒక్కడే ఎక్కడ కూర్చున్నా ఆ పాట తీస్తాడు. అబద్ధంలోనైనా అక్క పేరు బతికుంటుందిలే అనుకుంది. ఇప్పుడా అబద్ధమే అక్క పాటని కొట్టేయబోతోంది.

"ఓథా, రికార్డింగు ఏ నెలలో జరిగింది?" అంది.

"జనవరి."

"ఆ రోజు మంచుకి మన కారు కాలవలోకి జారింది. గుర్తుందా?"

"గుర్తు లేకేం? ఒంటిచేత్తో ఎత్తాను కదా!"

"జనవరి మంచులో కందిరీగ ఎక్కణ్ణుంచి వచ్చింది నాయనా?"

ముందు డీకన్ బర్ల్ నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. ఓథా ఎముకలు రెండూ పళ్లెంలో పెట్టేశాడు. వెర్లీన్‌కి జాలేసింది, అయినా ఆగలేదు.

"ఆ ఖాళీ మా అమ్మ కాలిది డెనీస్. చిన్నప్పుడు పత్తిబండి చక్రం ఎక్కి ఎడమకాలు చితికింది. ఆదివారం పాటబృందం పాడుకుంటూ, అడుగులో అడుగేసుకుంటూ గుమ్మం నుంచి వేదిక దాకా నడిచి వచ్చేటప్పుడు ముందు అమ్మే ఉండేది. చరణం అయ్యేసరికి అలిసిపోయి ఆ కాలు రావడం ఆలస్యమయ్యేది. వెనక ముప్పైమందీ ఆగేవాళ్లు. ఆగమని ఎవరూ చెప్పలేదు. అక్క ఈ పాట నేర్చుకుంది ఆ వరసలోనే. తర్వాత 'ప్రభూ' అన్నచోట 'బంగారూ' అని పెట్టి రికార్డు చేసింది. దేవుడి పాటని బజారుకెక్కించిందని అమ్మ రెండేళ్లు దాంతో మాట్లాడలేదు. ఒకరోజు వంటింట్లో రేడియోలో అదే పాట వచ్చింది. కట్టేద్దామని అమ్మ చెయ్యి చాపింది. అప్పుడే ఆ ఖాళీ వచ్చింది. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. 'ఇది నా కాలి కోసం ఆగిందే' అంది. ఆ సాయంత్రమే అక్కకి ఫోన్ చేసింది."

డెనీస్ పెన్సిలు కింద పెట్టేసింది.

"నాకు తెలీదు," అన్నాడు ఓథా. ఆ మాట ఆయన నోట ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"తెలీదనే నేనూ అంటున్నా," అంది వెర్లీన్. "నీకంటే ముందు ఆ రికార్డింగుకి ఇద్దరు డ్రమ్మర్లు కూర్చున్నారు. ఖాళీ కనబడితే నింపెయ్యడమే వాళ్లకి చేతనైంది. అక్క చెయ్యెత్తితే ఎందుకని అడక్కుండా ఆగింది నువ్వొక్కడివే. నీ గొప్ప అదీ. ముప్పై ఏళ్లుగా దాన్ని తీసుకెళ్లి కందిరీగకి ఇచ్చేస్తున్నావు."

ఓథా ఎముకలు మళ్లీ చేతిలోకి తీసుకుని, బల్ల మీద మెల్లగా మొదలుపెట్టాడు. వెర్లీన్ పాట అందుకుంది. ఒకరి తర్వాత ఒకరు గొంతు కలిపారు. చరణం చివరికి వచ్చింది. ఎముకలు గాల్లో ఆగాయి.

డెనీస్ లోపల ఒకటి లెక్కపెట్టుకుని, ఎత్తుకోబోయింది. ఓథా తల అడ్డంగా ఊపాడు.

"ఆగు తల్లీ," అన్నాడు. "పెద్దావిడ కాలు ఇంకా పడలేదు."