అమ్మిరాజు మూడో చాప్టరు

ఏవిటే అమ్మలూ, ఆదివారం వాళ్ల దగ్గరికి వెళ్లనంటావా? నీతో పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు "రా, ఒకరి రాత ఒకరం చూసుకుందాం" అంటే, "నా సబ్జెక్టు వాళ్లకేం తెలుసు తాతయ్యా" అంటావా? కూచో. ఆ ఫ్యాను కాస్త ఇటు తిప్పు, ఈ రాయపూర్ ఎండ నా ప్రాణాలు తోడేస్తోంది. ఏం చెప్తున్నాను? ఆఁ, అమ్మిరాజు. నీకు తెలీదులే, వాడు పోయేనాటికి మీ అమ్మే ఇంకా గౌన్లేసుకునేది. మేం ముగ్గురం. నేనూ, వాడూ, కెమిస్ట్రీ భీమారావూ. ముగ్గురం రైల్వే వాళ్ల పిల్లలమే, శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ పడ్డవాళ్లం. డెబ్బై ఎనిమిదిలో పీహెచ్‌డీలో చేరాం. గైడు దగ్గరికెళ్తే "పహలే లిఖ్ కే లావో, ఫిర్ దేఖేంగే" అనేవాడు, ముందు రాసి తీసుకురా, తర్వాత చూద్దాం అని. ఎలా రాయాలో మాత్రం ఒక్కడూ చెప్పడు. అప్పుడు అమ్మిరాజే పెట్టాడు ఈ పద్ధతి. ఆదివారం మధ్యాహ్నం వాళ్ల క్వార్టర్ వరండాలో చాప. ఒకడు రాసింది ఇంకొకడు పైకి చదవాలి. రాసినవాడు నోరెత్తకూడదు. చదివేవాడి నాలుక ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిల్ గీత. బస్, అంతే. నేను ఆగలేక "అది కాదురా, నా ఉద్దేశం" అనగానే, "నీ ఉద్దేశం కాగితం మీద లేదు కొండలరావ్, నీ నోట్లో ఉంది. థీసిస్‌తో పాటు నీ నోరు కూడా పోస్టు చేస్తావా?" అనేవాడు. లోపల్నుంచి వాళ్లమ్మ, శేషమ్మత్త, "ఒరే, వాణ్ణి ఏడిపించకండర్రా, పకోడీలు తిననివ్వండి" అని కేకేసేది. నా రెండో చాప్టరు నిండా గీతలే. మానేస్తానని ఇంట్లో కూచున్నాను. వాడు సైకిలేసుకుని వచ్చాడు. "ఒక్క పేజీ రాయి. వచ్చే ఆదివారం నేనే చదువుతా" అన్నాడు. అలా పేజీ పేజీ చదివి నన్ను గట్టెక్కించాడు. నాకు డాక్టరేట్ ఇచ్చింది ఆ చాపేనే.

వాడిది నెమ్మది రాత. ధర్సీవా వైపు రైస్ మిల్లుల్లో కూలీల మీద రాసేవాడు, వాళ్లతో కూచుని, వాళ్లతో తిని. ఇంతలో నాకూ భీమారావుకీ పట్టాలొచ్చేశాయి. భీమారావు భిలాయి వెళ్లిపోయాడు. నేను కాలేజీలో చేరి శంకర్ నగర్‌కి మారాను. చాప చుట్టేశాం. అమ్మిరాజు మాత్రం ప్రతి ఆదివారం సంచీ తగిలించుకుని మా ఇంటికొచ్చేవాడు. "మూడో చాప్టరు కుదరట్లేదురా, ఒక్కసారి చదివి పెట్టు." నాకేమో పేపర్లు దిద్దాలి, ఎవరో చుట్టాలొస్తారు. ఓ రోజు "ఉంచి వెళ్లు, చూస్తాలే" అన్నాను. కాగితాలు ఉంచి వెళ్లడం మా పద్ధతిలోనే లేదే! వాడికీ తెలుసు. అయినా బల్ల మీద పెట్టి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. మళ్లీ అడగలేదు. నేనూ చూళ్లేదు. ఏడాది తిరక్కుండా కామెర్లొచ్చాయి. ఎనభై ఆరులో పోయాడు.

పదకొండో రోజు అయ్యాక ఆ కాగితాలు తీశాను. తలుపేసుకుని పైకి చదివాను, పెన్సిల్ చేత్తో పట్టుకుని. నలభై పేజీలు. ఎక్కడా నా నాలుక తడబడలేదు. ఒక్క గీత కూడా పెట్టలేదే అమ్మలూ. అది ఎప్పుడో అయిపోయింది. అయిపోయిందిరా అని చెప్పే మనిషే లేక, వాడు ఇంకా కుదర్లేదనుకుంటూనే పోయాడు. ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది నాకు. తీసుకెళ్లి శేషమ్మత్త చేతిలో పెట్టాను. ఆవిడకి చదువు రాదు. కాగితాలు తడుముతూ "బాగా రాశాడా నాయనా?" అంది. "చాలా బాగా రాశాడత్తా" అన్నాను. "ఆ మాట వాడితో చెప్పావా?" అంది.

...

ఆ కళ్లజోడు ఇలా అందుకో. నీ సంచీలో ఏవో కాగితాలున్నట్టున్నాయి, ఇటివ్వు. నువ్వు మాట్లాడకు.